లోపలి కొలత

మా ఆయన చొక్కాలకి ఉన్న గుండీలు ఉత్తుత్తివి. పైకి మామూలు గుండీల్లాగే వరసగా కనిపిస్తాయి గానీ, నేను కాజాల నోళ్ళు మూసి కుట్టేసి, గుండీలని వాటి మీదే కదలకుండా అతికించినట్టు కుట్టాను. అడుగున టిచ్ బటన్లు పెట్టాను. ఎడమచేత్తో నొక్కితే చాలు, టక్కున పట్టుకుంటాయి.

కిందటేడు ఆయనకి పక్షవాతం వచ్చింది. మెల్లగా నడక తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది. కుడిచెయ్యి మాత్రం సగం వచ్చి ఆగిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మర్నాడు అద్దం ముందు నిలబడి పై గుండీతో కుస్తీ పడుతుంటే చూడలేకపోయాను. ఆయన నిద్రపోయినప్పుడల్లా ఒక్కో చొక్కా ముందుగదిలోకి తెచ్చి మిషను మీద మార్చేశాను. నేను దర్జీని. చేసిన పని పైకి కనపడకూడదని నా పట్టింపు. ఆయన మామూలుగానే తీసి తొడుక్కున్నారు, నొక్కుకున్నారు, వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు.

అప్పటి నుంచీ అదే కుర్చీ. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఇచ్చిన రబ్బరు బంతి ఒళ్ళో ఉండేది. నేను చూస్తున్నంతసేపూ పిసికేవారు, నేను అటు తిరగ్గానే ఆపేసేవారు. ఒకసారి పక్కింట్లో టీ కప్పు చేతిలోంచి జారి వాళ్ళ తివాచీ మీద ఒలికింది. వాళ్ళు పాపం "పర్వాలేదండీ, పర్వాలేదండీ" అంటూనే ఉన్నారు. ఆ తర్వాత ఆయన ఎవరింటికీ రాలేదు. ఏమడిగినా "మీ ఇష్టం" అనడం మొదలుపెట్టారు. బస్సులకి బాడీలు కట్టే షెడ్డులో రేకుల పని చేసిన మనిషి. ఇంట్లో కుళాయి కారినా, గొళ్ళెం పడకపోయినా ఇంకొకళ్ళని ముట్టుకోనిచ్చేవారు కాదు. ఇప్పుడు బల్బు మార్చాలన్నా పక్కింటాయన్ని పిలుస్తున్నాం.

ఇలా ఉన్న ఇంట్లోకి కంప్యూటరు గొడవ వచ్చింది.

గొడవ తెచ్చింది మా అమ్మాయి. ఒకచోట కాలు నిలవదని చిన్నప్పుడే దానికి పిట్ట అని పేరు పడింది. కాలేజీలో చేరినా ఇంట్లో పిట్టే. దానికి గేమ్స్ ఆడుకునే కంప్యూటరు కావాలి. చదువులో మంచి మార్కులొస్తే కొనిస్తామని మేము ఎప్పుడో ఒప్పుకున్నాం కూడా. మార్కులు వచ్చాయి కాబట్టి ఇంక తప్పదు. కొనడమా మానడమా అన్నది కాదు గొడవ. షాపులో తయారుగా ఉన్నది తెచ్చుకోవడమా, లేక ముక్కలు ముక్కలుగా కొని ఇంట్లో బిగించుకోవడమా అన్నది.

మా మరిది కంప్యూటర్లు అమ్మే షాపులో పని చేస్తాడు. ఆ ఆదివారం మధ్యాహ్నం వచ్చి, నా కటింగ్ టేబుల్ మీద మోచేతులు ఆనించి కూర్చున్నాడు.

"వదినా, నా మాట విను. మా దగ్గర గాజు తలుపుది ఒకటుంది. లోపల రంగు లైట్లు తిరుగుతుంటాయి. ప్లగ్గు పెట్టుకోవడం, ఆడుకోవడం. ఇంకేం అక్కర్లేదు."

"బాబాయ్, అందులో పవర్ సప్లై ఏం వేశారు?" అంది పిట్ట.

"మంచిదే వేసుంటారు."

"వేసుంటారంటే?"

"అంటే వేసే ఉంటారు. నేను అమ్మేవాణ్ణి గానీ విప్పేవాణ్ణి కాదు కదే."

"అందుకే నేను చూసి కొని, నేనే బిగించుకుంటానంటున్నా."

"పాడైతే?"

"ఏ ముక్క పాడైతే ఆ ముక్క మారుస్తా. మీ దాంట్లో ఏది పాడైనా డబ్బా మొత్తం మోసుకొచ్చి నీ ముందు పెట్టాలి. నువ్వేమో కంపెనీకి పంపించాం, వచ్చే వారం కనపడమంటావు."

"చూశావా అన్నయ్యా, నీ కూతురు నా పొట్ట కొడుతోంది."

మా ఆయన కొంచెం నవ్వారు.

నేను మరిది వైపు మొగ్గాను. "షాపుదే తెచ్చుకోవే. వాళ్ళు గ్యారంటీ ఇస్తారు. బిగించడం రాక ఏదైనా కాలిపోతే ఎవరిని అడుగుతావు?"

పిట్ట నా వైపు తిరిగింది. "నువ్వేనా అమ్మా ఈ మాట అంటోంది? మొన్న ఆ బ్యాంకాయన రెడీమేడ్ ప్యాంటు పట్టుకొస్తే ఏమన్నావు? 'ఇవి అందరికీ సరిపోవాలని కుడతారండీ, అందుకే ఎవరికీ సరిపోవు' అనలేదూ? పాపం ఆయన తప్పు చేసినట్టు తలొంచుకున్నాడు."

"బట్ట వేరు, కరెంటు వేరు."

"నీకు వీలైనప్పుడు అన్నీ వేరే."

మరిది పకపకా నవ్వాడు. పిట్ట వాళ్ళ నాన్న వైపు చూసింది. "నాన్నా, నువ్వు చెప్పు."

"మీ ఇష్టం."

"మీ ఇష్టం అంటే కుదరదు. కొనడమా, బిగించుకోవడమా? ఒకటి చెప్పు."

ఆయన చేతిలో బంతిని అటూ ఇటూ తిప్పారు. "అటక మీద షెడ్డు ఆఫీసుది పాత కంప్యూటరు డబ్బా ఉండాలి," అన్నారు. "ఇప్పటి రేకు కాదది. దళసరి రేకు."

పిట్టకి అదే చాలు. కుర్చీ లాక్కుని అటకెక్కి, కొత్త ముక్కలన్నీ అందులోనే బిగిస్తానంటూ దాన్ని దించింది.

మరిది వెళ్తూ వెళ్తూ, "వచ్చే ఆదివారం దాకా గాజు తలుపుది ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టిస్తాను వదినా. ఎందుకైనా మంచిది," అన్నాడు. సరేనన్నాను.

నా భయం కరెంటు గురించి కాదు. నేను వంటింట్లో ఉండగా పిట్ట వచ్చి గిన్నెలో ఉన్నది చేత్తో తీసుకు తింటూ ఒక మాట అంది. "బిగించేటప్పుడు నాకు పట్టుకోడానికి ఒక మనిషి కావాలి. నాన్న ఖాళీగానే ఉన్నాడు కదా."

"అలా అనొచ్చా?"

"ఏం, ఖాళీగా లేడా?"

నాకు కళ్ళముందు కనపడింది ఒక్కటే. వేలెడంత కూడా లేని స్క్రూలు, అవి ఆయన వేళ్ళలోంచి జారిపడటం, ఆయన వంగి వెతుక్కోవడం, అది కూతురు చూడటం. ఆ టీ కప్పుతో పక్కిళ్ళకి వెళ్ళడం పోయింది. దీంతో ఇంట్లో ఉన్న కాస్త మాటా మంచీ కూడా పోతాయేమోనని. షాపు నుంచి తయారుగా వస్తే ఎవరూ ఏమీ పట్టుకోనక్కర్లేదు.

ఆ వారంలో ఒకరోజు పిట్ట కాలేజీ నుంచి వస్తూ దారిలో ఫోన్ చేసింది. "అమ్మా, షాపులో ఉన్నాను. ఆటకి తెర మీద బొమ్మలు తెప్పించే గ్రాఫిక్స్ కార్డు తీసుకుంటున్నా. బాగా పొడుగ్గా ఉంది. ఆ డబ్బా ముందు నుంచి వెనక్కి ఎంతుందో కొలిచి చెప్పు, తొందరగా."

ఒక ఫ్రాకుకి జిప్పు వేస్తున్నదాన్ని ఆపి, మెడలో ఉన్న టేపు తీసి డబ్బా కొలిచాను. నేను ఏది కొలిచినా ఒకే పద్ధతి. టేపు పైనుంచి వేసి, కింద ఒక వేలు దూర్చి లూజు కలుపుతాను. అలా కొలిచి చెప్పాను. "అబ్బో, చాలా ఉంది. బోలెడు చోటు," అని సంబరంగా పెట్టేసింది.

ఆదివారం ముందుగదిలోని నా దర్జీ షాపు మూసేసి కటింగ్ టేబుల్ ఖాళీ చేశాం. గుండుసూదులు ఏరే అయస్కాంతంతో నేను టేబుల్ తుడవబోతే పిట్ట అడ్డం పడింది. "ముందు దాన్ని అవతల పెట్టు. ఈ సామాను దగ్గరికి తేకు." దాన్ని తీసుకెళ్ళి మిషను సొరుగులో పెట్టాను.

పిట్ట అట్టపెట్టెలన్నీ విప్పింది. ముందు డబ్బా రేకు ముట్టుకుని, ఆ తర్వాత మదర్‌బోర్డు తీసింది. ఒంట్లో ఉన్న కరెంటు దానికి తగలకూడదట. వాళ్ళ నాన్నకి టేబుల్ లైటు ఇచ్చి ఎడమచేత్తో పట్టుకోమంది. స్క్రూలున్న గిన్నె ఆయన కుడిచేతి దగ్గర పెట్టి, "ఒక్కోటీ అందించు," అంది.

నేను ఇస్త్రీ చేస్తున్నట్టు నటిస్తూ చూస్తున్నాను. మొదటి స్క్రూ పట్టుకోడానికి చాలాసేపు పట్టింది. పట్టుకున్నారు, అందించారు. రెండోది జారి కిందపడి దొర్లిపోయింది. నేను ఇస్త్రీపెట్టె నిలబెట్టి పరిగెత్తబోయాను.

"ఇంకోటి ఇవ్వు నాన్నా," అంది పిట్ట, బోర్డు మీద నుంచి తల ఎత్తకుండా.

ఆయన ఇంకోటి ఇచ్చారు. మళ్ళీ పడింది. మళ్ళీ ఇచ్చారు. పడ్డవి అలాగే నేల మీద ఉన్నాయి, ఎవరూ వాటికోసం వంగలేదు. గిన్నెలో ఉన్నంతసేపూ అదే వరస. నేను కాలర్ ఒకటి మాడ్చేశాను.

బోర్డు కూర్చుంది. ప్రాసెసరూ దాని మీద ఫ్యానూ కూర్చున్నాయి. ఆఖరికి కార్డు తీసింది. నల్లగా, బరువుగా, ఇటుకరాయంత ఉంది. ఒక కొస బోర్డులో పెట్టబోతే రెండో కొస డబ్బా లోపల ముందువైపున్న ఇనప గూటికి తగిలి ఆగిపోయింది. పాత కంప్యూటర్లలో డిస్కులు పెట్టే గూడది. అడ్డంగా తిప్పింది, వాల్చింది, ఎలా పెట్టినా బొటనవేలి వెడల్పు తక్కువ.

"అమ్మా, నువ్వు ఎలా కొలిచావు?"

"ముందు నుంచి వెనక్కి. నువ్వు చెప్పినట్టే."

"లోపలా, బయటా?"

నేను మెడలో టేపు సర్దుకున్నాను.

"బయటనించా?"

"వేలు పెట్టి లూజు కూడా కలిపాను," అన్నాను.

పిట్ట కార్డు టేబుల్ మీద పెట్టి నెత్తి పట్టుకుంది. మనిషికి బట్ట పైనుంచి వస్తుంది కాబట్టి లూజు కలపాలి. డబ్బాకి సామాను లోపలికి పోతుంది కాబట్టి తగ్గించాలి. ఇన్నేళ్ళ అలవాటు మీద చెయ్యి దానంతటదే కలిపేసింది. నాకు నామోషీగానే ఉంది. దాని వెనకే, నిజం చెప్పాలంటే, తేలిగ్గా కూడా అనిపించింది. దారి దొరికింది కదా అని.

"పోనీలేవే. బాబాయ్‌కి ఫోన్ చేద్దాం. ఇవన్నీ వెనక్కిచ్చేసి ఆ గాజు తలుపుది తెచ్చుకుందాం. లేకపోతే కొత్త డబ్బా కొందాం."

పిట్ట ఏదో అనబోతుంటే మా ఆయన లైటు వంచి డబ్బా లోపలికి చూశారు. ఎడమచేతి వేలితో గూడు మూలలు తడిమారు.

"ఇది స్క్రూలది కాదు. రివెట్లు కొట్టారు," అన్నారు. "రివెట్ల తలలు డ్రిల్లుతో తొలిచేస్తే గూడు ఊడొస్తుంది."

"ఎవరు తీస్తారు?" అంది పిట్ట.

ఆయన కుడిచెయ్యి టేబుల్ అంచు మీద ఉంది. నాకు ఆ ప్రశ్న అక్కడ నుంచి తీసేయాలనిపించింది.

"ఎందుకండీ శ్రమ, కొత్త డబ్బా కొనేద్దాం. ఇప్పుడే వెళ్ళి..."

"నువ్వు ఊరుకో," అన్నారు.

ఏడాదిలో నన్ను ఆయన ఊరుకోమనడం అదే మొదటిసారి. తర్వాత పిట్టతో, "ముందు లోపల పెట్టినవన్నీ తీసెయ్. ఇనప రజను పడితే పాడైపోతాయి. మంచం కింద నా పెట్టె ఉంది, లాక్కురా," అన్నారు.

అప్పటిదాకా బిగించినవన్నీ మళ్ళీ విప్పడానికి పిట్ట ఒక్క మాట కూడా గొణగలేదు. అదే ఆశ్చర్యం. పెట్టె మీద దుమ్ము నేను తుడిచాను. డ్రిల్లు అందులోనే ఉంది.

ఆయన డ్రిల్లు ఎడమచేత్తో పట్టుకుని, కుడిచెయ్యి ఎత్తి దాని వీపు మీద బరువుగా ఆనించారు. డబ్బాని నేను రెండు చేతులతో అదిమిపట్టాను. మొదటి రివెట్టు మీద పెట్టగానే డ్రిల్లు మొనకున్న బిట్టు జారి, రేకు మీద పొడుగ్గా గీత గీసుకుంటూ పోయింది. డ్రిల్లు ఆయన చేతిలోంచి తప్పబోయింది. నేను డబ్బా వదిలేసి అందుకోబోయాను.

"అమ్మా, వెలుతురుకి అడ్డం రాకు," అంది పిట్ట.

ఆయన డ్రిల్లు కింద పెట్టి కాసేపు ఊపిరి తీసుకున్నారు. ఇంక కుర్చీలోకి వెళ్ళిపోతారనుకున్నాను.

"ముందు పంచ్ కొట్టాలి," అన్నారు. "అది కూడా మర్చిపోయాను చూడు. రివెట్టు నడి మీద చిన్న గుంట పడితే బిట్టు జారదు. ఆ మొనదేలిన చువ్వ తీసి పెట్టు, సుత్తితో ఒక్కటి వెయ్యి. మెల్లగా కాదే, అది ఏడవదు."

పిట్ట కొట్టింది. ఆయన మళ్ళీ డ్రిల్లు పెట్టారు. ఈసారి బిట్టు నిలబడింది. రేకు కీచుమంటూ రజను రాలింది, రివెట్టు తల ఊడి టంగుమని పడింది. ఆయన రెండోదాని మీదికి వెళ్ళారు. ప్రతి దానికీ మధ్యలో ఆగి చెయ్యి దించుకుంటున్నారు. మేము అలాగే నిలబడి ఎదురుచూస్తున్నాం. నాకు డబ్బా పట్టుకుని చేతులు తిమ్మిరెక్కాయి. కింది వరస దగ్గరికి వచ్చేసరికి ఆయన భుజం లేవలేదు.

"ఇంక నువ్వు కానీ," అని డ్రిల్లు పిట్టకిచ్చారు.

అది వంకరగా పెట్టింది. "నిలువుగా పట్టవే. బొక్క పెద్దదైపోతోంది. నీ తొందర తగలెయ్య, ఆగు." అది తిరిగి, "పట్టుకునే ఉన్నాగా, చూడు ఎంత నిలువుగా ఉందో," అంది. "ఏది నిలువు? మీ అమ్మ కుట్టిన కర్టెన్‌లా ఉంది." ఇద్దరూ కలిసి అరుచుకుంటూ నన్నూ లాగారు. ఆయన గొంతు అలా విని ఏడాది దాటింది. నేను డబ్బా ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

గూడు ఊడొచ్చింది. తొలిచిన చోట అంచులు పదునుగా ఉన్నాయి. చెయ్యి కోసుకుంటుందని భయపడి, నేను బొత్తిగా ఆలోచించకుండానే, "అంచుకి కాస్త పైపింగ్ గుడ్డ చుట్టి కుట్టేస్తాను," అన్నాను. ఇద్దరూ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "లోపల వేడికి కాలి బూడిదవుతుంది అమ్మా," అని పిట్ట ఆకురాయి తీసుకుంది. ఆ తర్వాత, "ఇప్పుడు తే నీ అయస్కాంతం," అంది. నా గుండుసూదుల అయస్కాంతంతో రజనంతా ఏరేశాం. అది మాత్రం నేనే చేశాను.

కార్డు ఎక్కడా తగలకుండా కూర్చుంది. అన్నీ మళ్ళీ బిగించి స్విచ్చి వేస్తే ఫ్యాన్లు తిరిగాయి గానీ తెర నల్లగానే ఉంది. పిట్ట కాసేపు వెనక వైర్లు వెతికి, "నేనే తెలివితక్కువదాన్ని. తెర వైరు కార్డుకి పెట్టకుండా బోర్డుకి పెట్టాను," అంది. మార్చగానే వెలుగొచ్చింది.

మర్నాడు సాయంత్రం మరిది వచ్చి చూశాడు. దళసరి రేకు డబ్బా, దాని పక్క రేకు మీద గీత, మూలల్లో బొక్కలు. తల వంచి అటూ ఇటూ తిరిగాడు.

"అన్నయ్యా, ఇది కంప్యూటరా, బస్సా?"

"ముందు టికెట్ తీసుకో," అన్నారు మా ఆయన.

పిట్ట ఆటలో ఎవరినో తరుముకుంటూ పోతూనే నవ్వింది. గాజు తలుపుది అప్పటికే ఇంకెవరో తీసుకెళ్ళారట. మరిదికి ఆ బాధ లేదు. వాళ్ళన్నయ్య జోకేశాడని రెండుసార్లు నాతో చెప్పి, టీ తాగి వెళ్ళాడు.

ఆ వారం ఫిజియోథెరపీకి వెళ్ళాల్సిన రోజు వచ్చింది. ఆయన నీలం చారల చొక్కా పట్టుకుని ముందుగదిలోకి వచ్చి మిషను మీద పెట్టారు.

"దీని కాజాలు విప్పు."

"టిచ్ బటన్లు సుఖంగానే ఉన్నాయి కదండీ. ఇప్పుడెందుకు?"

"విప్పు."

వేళకి వెళ్ళాలి, ఇంకో రోజు చూద్దామని అనబోయాను. ఆయన అక్కడే నిలబడ్డారు. పైన కుట్టిన గుండీలు కత్తిరించి, మూసిన కాజాల కుట్లు ఒక్కొక్కటే సూదిమొనతో లేపి తీశాను. టిచ్ బటన్లు ఊడదీసి గుండీలు వాటి చోట కుట్టాను. ఏడాదిపాటు మూసి ఉండటాన కాజాలు కాస్త బిగుసుకున్నాయి. ఒక్క పోగు తెంపితే వదులవుతాయి, ఆయనకి తెలియను కూడా తెలియదు. చిన్న కత్తెర చేతిలోకి తీసుకున్నాను. మళ్ళీ పక్కన పెట్టేశాను.

చొక్కా ఇచ్చి, చెప్పులు వేసుకుని, తాళంచెవి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఆయన అద్దం ముందు మొదలుపెట్టారు. ఎడమచెయ్యి గుండీని తోస్తుంది, కుడిచెయ్యి అంచు పట్టుకోవాలి. పట్టు జారిపోతుంది, మళ్ళీ వెతుక్కుంటుంది. వీధిలో ఎవరిదో బండి ఆగింది, వెళ్ళింది. లోపల పిట్ట మైకులో ఎవరినో తిడుతోంది. ఆఖరి గుండీ దాకా వచ్చాక కింద ఒక కాజా మిగిలిపోయింది. పైన మొదట్లోనే ఒకటి తప్పారు. నేను అప్పుడే చూశాను. నోరు తెరిచాను.

అద్దంలో ఆయన నన్ను చూశారు.

"చెప్పకు," అన్నారు. అన్నీ విప్పడం మొదలుపెట్టారు.

నేను చెప్పులు విప్పి, తాళంచెవి సొరుగులో పెట్టి, బ్యాంకాయన ప్యాంటు అంచు మడత వేసుకుని మిషను ముందు కూర్చున్నాను.